మా చిన్నాన్న ఎమ్మెల్యేగా నిలబడతానంటున్నాడు, కుదురుతుందా?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. చిన్నాన్న ఆర్మీలో హవల్దార్‌గా రిటైరై, బరంపురంలో లా చదివి, ఇప్పుడు ఇక్కడి కోర్టులో ప్రాక్టీస్. ఈసారి ఇండిపెండెంట్‌గా వేస్తాడట. పెన్షన్ పోతుందని పిన్నికి ఒకటే టెన్షన్.

— పెన్షన్‌కేం కాదని పిన్నికి చెప్పండి. సర్వీసులో ఉంటేనే కుదరదు. వకీలు పనీ మానక్కర్లేదు, ఎమ్మెల్యేలు వాదించుకోవచ్చని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే గవర్నమెంటు ప్లీడర్ అయితే ముందు రాజీనామా చేయడం మంచిది.

— ఇండిపెండెంట్‌కి ప్రపోజర్లు (నామినేషన్ మీద పేరు ప్రతిపాదిస్తూ సంతకం చేసేవాళ్లు) పదిమంది కావాలి, అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి, మా ఊళ్లో ఒకాయనకి ఒక్క సంతకం తేడా కొట్టి నామినేషనే పోయింది. డిపాజిట్ 10,000. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అదీ గోవిందా. ఆర్మీలో ఉన్నప్పటి సర్వీస్ ఓటు మార్చుకుని మామూలు జాబితాలో పేరు చేరిందో లేదో కూడా చూసుకోమనండి.

— రూల్స్ సరే బాబూ, ఒడియాలో మీటింగ్ చెప్పగలడా? ఇక్కడ కొట్టు దగ్గర తెలుగు నడుస్తుంది గానీ మైకు ముందు నడవదు.

— చెప్పగలడండీ. జడ్జి గారి ముందు రోజూ అదే కదా!