అప్‌డేట్: తడి మట్టి ఎక్కుడులో ఒక్క వెనక చక్రమే తిరగడం – పరిష్కారమైంది

వానలో తోటకెళ్లే ఎర్రమట్టి ఎక్కుడులో మా రియర్ వీల్ డ్రైవ్ బండి ఆగిపోతోంది, ఎడమ వెనక చక్రం గిర్రున తిరుగుతుంటే కుడిది కదలట్లేదు, డిఫరెన్షియల్ (ఇంజన్ శక్తిని వెనక రెండు చక్రాలకీ పంచే గేర్ల అమరిక) పోయిందా అని అడిగాను కదా. విషయం తేలింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

మెకానిక్ బండిని పైకి లేపి చూశాడు. డిఫరెన్షియల్ బాగానే ఉంది. మాది ఓపెన్ రకం. అది రెండు చక్రాలకీ ఇంచుమించు సమానంగానే టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. ఒక చక్రానికి పట్టు లేకపోతే అది తేలిగ్గా తిరిగిపోతుంది, ఆ కాస్త టార్కే రెండోదానికీ అందుతుంది. అందుకే గట్టినేల మీదున్న కుడి చక్రం కూడా ఉలకలేదు, పలకలేదు.

అసలు దోషం టైర్లది. ఎడమదాని పక్కగోడ మీద డాట్ కోడ్ (టైరు తయారీ వివరాల గుర్తు) చివర 2316 అని ఉంది, అంటే 2016లో 23వ వారం తయారీ. రబ్బరు గట్టిపడింది, టైరు గాడులు మార్చాల్సిన 1.6 మి.మీ. గుర్తు దాకా అరిగాయి. కుడిదీ అంతంతమాత్రమే. వెనక రెండూ తీసేసి ఆల్ టెర్రైన్ (మట్టిదారుల్లోనూ పట్టుండే) టైర్లు వేయించాను. మొన్నటి ముసురులో బండి ఆగకుండా ఎక్కింది.

ఒకరు చెప్పిన హ్యాండ్‌బ్రేక్ చిట్కా నిజంగా పనిచేసింది. పాత టైర్లతోనే, కొంచెం లాగిపట్టి మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తే, ఊరికే తిరిగే చక్రానికి బ్రేకు అడ్డుపడి రెండోదానికీ టార్క్ పెరిగి అది కూడా కదిలింది. మాది వెనక చక్రాలకు పట్టే హ్యాండ్‌బ్రేక్ కాబట్టి సరిపోయింది. ఎక్కువసేపు మాత్రం చేయకండి, బ్రేకులు వేడెక్కుతాయి.

గేర్ ఆయిల్ మార్చినా తేడా రాలేదు. లిమిటెడ్ స్లిప్ (ఒక్క చక్రమే ఊరికే తిరగకుండా అడ్డుకునే డిఫరెన్షియల్) పెట్టించే ఖర్చూ తప్పింది.