పొల్యూషన్ టెస్టులో కారు ఫెయిల్, రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది, కన్వర్టర్ మార్చాలంటున్నారు

తాడేపల్లిగూడెం నుంచి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాది 2018 మోడల్ పెట్రోల్ కారు, బీఎస్-4. ఇన్సూరెన్స్ రెన్యూవల్ దగ్గరపడింది కదా అని బంకు దగ్గర పొల్యూషన్ చెక్ చేయించాను, ఫెయిల్ అయింది. సర్టిఫికెట్ బదులు రిజెక్షన్ స్లిప్ చేతిలో పెట్టారు. ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 1.8 శాతం, హైడ్రోకార్బన్ 310 పీపీఎం అని వచ్చింది. ఉండాల్సింది 0.3, 200 లోపు అట.

పక్కనే ఉన్న వర్క్‌షాపుకు తీసుకెళ్తే బోనెట్ కూడా ఎత్తకుండా స్లిప్ చూసి, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగం) పోయింది, కొత్తది వేస్తే 40 వేలు దాటుతుంది, లేదంటే పాతదాన్ని కోసి లోపల ఖాళీ చేసి మళ్లీ వెల్డింగ్ పెట్టేస్తాను, పికప్ కూడా పెరుగుతుంది అన్నాడు. నాకు అది నమ్మబుద్ధి కాలేదు, అందుకే అడుగుతున్నా.

కారులో వేరే ఇబ్బందులు కూడా ఉన్నాయి, వాటికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు కాబట్టి అన్నీ రాస్తున్నా. వానలు మొదలయ్యాక ఎక్కువ రోజులు షెడ్డులోనే ఉంది, పక్కన ధాన్యం బస్తాలు కూడా ఉంటాయి. ఆ తర్వాత నుంచి ఇంజిన్ లైటు వస్తూ పోతూ ఉంది. తాళం ఆన్ చేయగానే, ఇంజిన్ చల్లగా ఉన్నా సరే, రేడియేటర్ ఫ్యాన్ ఫుల్లుగా తిరుగుతుంది, ఆపేదాకా ఆగదు. రాత్రిపూట సిగ్నల్ దగ్గర నిలబడితే హెడ్‌లైట్లు డల్ అవుతాయి, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. పొద్దున సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది. మైలేజీ బాగా పడిపోయింది, వెనక నిలబడితే పచ్చి పెట్రోల్ వాసన వస్తోంది. బ్యాటరీ మార్చి మూడేళ్లు. ముందు ఏది చూడమంటారు?

రాజమండ్రి నుంచి

అన్నా, కన్వర్టర్ ఖాళీ చేయించడం మాత్రం వద్దు. కంపెనీ ఇచ్చినదాన్ని అలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదు, అది పక్కన పెట్టినా ఆ పొగ మన వీధిలో పిల్లలే పీల్చాలి. పైగా అది తీసేస్తే టెస్టులో నంబర్లు ఇంకా పెరుగుతాయి గానీ తగ్గవు. అప్పుడు మళ్లీ టెస్టు లేకుండా సర్టిఫికెట్ ఇచ్చేవాణ్ని వెతుక్కోవాలి. ఇన్సూరెన్స్ టైముకి మా ఊళ్లో చాలామంది చేసేది అదే, నాకు అస్సలు నచ్చదు. సర్టిఫికెట్ లేకుండా దొరికితే 10,000 దాకా జరిమానా ఉంది కాబట్టి కాగితం కావాలి, నిజమే. కానీ 1.8 అని చూపించిన కారుకు కాగితం కొన్నా కారు అలాగే ఉంటుంది, పెట్రోల్ అలాగే తాగుతుంది.

నా అంచనా ప్లగ్గులు. ఎప్పుడు మార్చారు?

గుంటూరు, ఆటో ఎలక్ట్రీషియన్

ప్లగ్గులు చూడొచ్చు, తప్పు లేదు. కానీ ఈ ప్రశ్నలో అసలు సంగతి ఫ్యాన్ దగ్గర ఉంది. చల్లటి ఇంజిన్‌కి తాళం తిప్పగానే ఫ్యాన్ ఎందుకు తిరుగుతుంది? ఈసీఎంకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, ఇంజిన్ వేడి ఎంతో తెలియట్లేదు, అందుకని.

ఇంజిన్ మీద, సాధారణంగా థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర, రెండు వైర్ల సెన్సర్ ఒకటి ఉంటుంది, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. చల్లగా ఉంటే దాని రెసిస్టెన్స్ ఎక్కువ, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. మామూలుగా 20 డిగ్రీల దగ్గర రెండు మూడు కిలో ఓమ్స్, 80 దాటాక 300 ఓమ్స్ అటూ ఇటూ. వైరు తెగిందనుకోండి, ఈసీఎంకి అది అంతులేని రెసిస్టెన్స్‌లా కనిపిస్తుంది, అంటే మైనస్ 40 డిగ్రీలు. తాడేపల్లిగూడెంలో మైనస్ 40 ఉండదని దానికీ తెలుసు, అందుకే సెన్సర్ పోయిందని లెక్కేసుకుని, ఇంజిన్ కాలిపోకుండా ఫ్యాన్‌ని ఫుల్లుగా పెట్టేసి లైటు వెలిగిస్తుంది. అసలు వేడి తెలియదు కాబట్టి చాలా కార్లలో పెట్రోల్ కూడా అవసరానికి మించి పోస్తుంది. మిగిలిన పెట్రోల్ సగం కాలి కార్బన్ మోనాక్సైడ్‌గా, కాలనిది హైడ్రోకార్బన్‌గా సైలెన్సర్‌లోంచి వస్తుంది. మీ స్లిప్పులో రెండూ పెరిగాయి, వాసన వస్తోంది, మైలేజీ పడింది. అన్నీ కలుస్తున్నాయి.

లైట్లు డల్ అవడం కూడా దీంతోనే కలుస్తుంది. రేడియేటర్ ఫ్యాన్ ఒక్కటే 15, 20 ఆంప్స్ లాగుతుంది. ఐడ్లింగ్‌లో డైనమో ఇచ్చేదే తక్కువ, దానికి తోడు ఏసీ, లైట్లు. ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగితే బ్యాటరీ నిండదు, పొద్దున సెల్ఫ్ బరువుగానే ఉంటుంది.

ధాన్యం బస్తాల పక్కన షెడ్డు అన్నారు కాబట్టి ఎలుక కొరికిందనే నా అనుమానం. టార్చిలైటు వేసి ఆ సెన్సర్ కప్లర్ (వైర్లు సెన్సర్‌కి తగిలించే జాయింటు) దగ్గర నుంచి వైరు వెంటే చేత్తో తడుముకుంటూ వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. పైన నల్ల ట్యూబ్ బాగానే ఉన్నా అడుగువైపు కొరికి ఉంటుంది. ఎలుక రెట్టలు, గడ్డి, గోనె పీచు కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఒక్క విషయం జాగ్రత్త. ఈ స్థితిలో ఉన్న కారులో షెడ్డు తలుపులు మూసి ఏసీ వేసుకుని ఎవరినీ కూర్చోనివ్వకండి, ఐదు నిమిషాలే కదా అని కూడా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. మీకు వచ్చేది పెట్రోల్ వాసన, అసలు ప్రమాదం కనిపించదు, తెలియదు. చిన్నపిల్లలు ఉంటే మరీ జాగ్రత్త.

కరీంనగర్ నుంచి

పైన అన్న చెప్పింది కరెక్టే, కానీ నిర్ధారించుకోకుండా సెన్సర్ కొనకండి. ఓబీడీ డాంగిల్, అంటే కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే చిన్న పరికరం, ఒకటి ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది, స్టీరింగ్ కింద ఉండే పోర్టుకి పెట్టి ఫోన్‌లో యాప్ వేస్తే కోడ్‌తో పాటు లైవ్ డేటా కూడా కనిపిస్తుంది. పి0118 అని వస్తే కూలెంట్ సెన్సర్ సర్క్యూట్ ఓపెన్ అయిందని అర్థం. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు, వైరు, కప్లర్, పిన్ను అన్నీ అందులోకే వస్తాయి. మన దగ్గర మెకానిక్‌లు చాలామంది కోడ్ చదివి ఆ పేరున్న పార్టు మార్చేస్తారు. తలగడ మారిస్తే తలనొప్పి పోతుందా?

నేనైతే ఇంకోటి కూడా చూస్తాను. కన్వర్టర్‌కి ముందు ఉండే ఆక్సిజన్ సెన్సర్, పొగలో ఆక్సిజన్ ఎంత ఉందో చూసేది. దాని లోపల చిన్న హీటర్ ఉంటుంది, ఆ హీటర్ ఫ్యూజు పోయినా వైరు తెగినా ఐడ్లింగ్‌లో సెన్సర్ చల్లబడి పనిచేయదు, అప్పుడు కూడా ఇలాగే రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువ పోస్తూ నడుస్తుంది. దాని కోడ్ పి0135. లైవ్ డేటాలో ఆ సెన్సర్ వోల్టేజీ 0.1కీ 0.9కీ మధ్య గబగబా ఊగుతూ ఉండాలి. ఒకేచోట అతుక్కుపోయి ఉంటే దాని సంగతి కూడా చూడాల్సిందే. అయితే ఫ్యాన్ ఆగకపోవడం దీనివల్ల రాదు, కాబట్టి ముందు కూలెంట్ సర్క్యూటే.

ఇంకో సంగతి, కన్వర్టర్ నిజంగా పోయినా దానంతటది పోదు. ఇంజిన్ మిస్ కొడుతూ కాలని పెట్రోల్ అందులో పడి కాలితే లోపల జల్లెడ కరిగిపోతుంది. అలాంటప్పుడు కారణం తీయకుండా 40 వేలు పెట్టి కొత్తది వేస్తే అది కూడా పోతుంది. అందుకే ఇలా రిచ్‌గా ఉన్నప్పుడు దూర ప్రయాణాలు పెట్టుకోకండి.

తాడేపల్లిగూడెం నుంచి

అందరికీ చాలా థాంక్స్. మా బావమరిది దగ్గర డాంగిల్ ఉంటే తెచ్చి పెట్టాం. పి0118 వచ్చింది, లైవ్ డేటాలో కూలెంట్ మైనస్ 40 అనే చూపించింది! ఆక్సిజన్ సెన్సర్ కోడ్ ఏమీ లేదు.

కప్లర్ నుంచి జానెడు దూరంలో, బ్యాటరీ ట్రే కిందకి వంగే చోట, రెండు వైర్లలో ఒకటి పూర్తిగా కొరికేసి ఉంది, రెండోదానికి పైతొక్క పోయి రాగి పచ్చగా చిలుమెక్కింది. తెగిన కొనలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, లైటు వస్తూ పోతూ ఉండటం అందుకే అనుకుంటా. ట్రే వెనక గుప్పెడు ఊక, గోనె పీచు. బోనెట్ ఎత్తి చూస్తే దొరికే దానికి 40 వేలు చెప్పారంటే బాధగా ఉంది, అడగకపోతే కట్టేసేవాణ్ని.

ఇప్పుడు వైరు ఎలా కలపాలి? మెలిపెట్టి టేపు చుడితే చాలా?

గుంటూరు, ఆటో ఎలక్ట్రీషియన్

చాలదు. బోనెట్ కింద వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది, తేమ చేరి మళ్లీ చిలుమే. పచ్చబడిన రాగి అంతా కత్తిరించేయండి, ఎర్రగా మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్లండి, కావాలంటే అదే మందం వైరు ముక్క మధ్యలో వేయండి. ముందు హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే గొట్టం) తొడిగి ఉంచుకుని, తర్వాత సోల్డర్ చేసి, స్లీవ్‌ని అతుకు మీదకి జరిపి వేడి చేయండి. రెండు వైర్ల అతుకులు పక్కపక్కన రాకుండా కొంచెం ఎడంగా పెట్టండి. ఈ పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయాలి.

కలిపాక కోడ్ క్లియర్ చేసి, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి లైవ్ డేటా చూడండి. బయటి వేడి దగ్గర మొదలై మెల్లగా పెరుగుతూ 80, 90 మధ్య ఎక్కడో నిలబడాలి. ఫ్యాన్ మధ్యమధ్యలో వచ్చి ఆగిపోవాలి. మధ్యలో అంకె ఒక్కసారిగా గెంతితే కప్లర్ పిన్ను కూడా వదులైందని.

టెస్టుకి చల్లటి కారుతో వెళ్లకండి. పావుగంటో ఇరవై నిమిషాలో రోడ్డు మీద నడిపి అటు నుంచి అటే వెళ్లండి, కన్వర్టర్ 250, 300 డిగ్రీలు వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. ఏసీ ఆఫ్ చేయండి. బంకులో క్యూ ఎక్కువ ఉంటే ఇంజిన్ ఆపి గంటసేపు నిలబెట్టొద్దు.

రాజమండ్రి నుంచి

ఎలుకల సంగతి కూడా చూసుకోండి, లేకపోతే వచ్చే వానాకాలం మళ్లీ ఇదే. కొందరు బోనెట్ కింద పొగాకు కాడలు కడతారు, కలరా ఉండలు పెడతారు. ఎండిన పొగాకు సైలెన్సర్ మానిఫోల్డ్ దగ్గర పడితే అంటుకునే ప్రమాదం, కలరా ఉండల వాసన ఏసీలోంచి లోపలికి కొడుతుంది. బస్తాలు అక్కడి నుంచి తీసేయడమే సరైన పని, అది కుదరకపోతే కారు బయట పెట్టండి. రెండు రోజులకోసారి అయినా స్టార్ట్ చేసి ఒక రౌండ్ వేస్తే ఎలుక గూడు పెట్టదు.

తాడేపల్లిగూడెం నుంచి

అయిపోయింది! మా ఊరి ఎలక్ట్రీషియన్ దగ్గర కూర్చుని మీరు చెప్పినట్టే సోల్డర్, స్లీవ్ పెట్టించాను, 300 తీసుకున్నాడు. ఫ్యాన్ ఆగింది. కూలెంట్ 31 దగ్గర మొదలై 88 దాకా వెళ్లి నిలబడింది. వేడి మీదే బంకుకి తీసుకెళ్తే కార్బన్ మోనాక్సైడ్ 0.06, హైడ్రోకార్బన్ 58 వచ్చాయి. ఏడాదికి సర్టిఫికెట్ ఇచ్చారు. కన్వర్టర్ నిక్షేపంగా ఉన్నట్టే కదా?

హెడ్‌లైట్లు ఇప్పుడు స్టడీగా ఉన్నాయి. కానీ పొద్దున సెల్ఫ్ మాత్రం ఇంకా కొంచెం బరువుగానే ఉంది. బ్యాటరీ మార్చేయనా?

గుంటూరు, ఆటో ఎలక్ట్రీషియన్

ఆ నంబర్లు వచ్చాయంటే కన్వర్టర్ బాగుంది, దాని జోలికి వెళ్లకండి.

బ్యాటరీ అప్పుడే కొనొద్దు. ఇన్నాళ్లు సగం నిండి ఉంది కాబట్టి ముందు బయట చార్జర్ మీద రాత్రంతా పెట్టించండి. తీసి నాలుగైదు గంటలు ఆగాక మల్టీమీటర్‌తో చూస్తే 12.6 ఉండాలి, 12.4 దగ్గర ఉంటే ముప్పావు వంతు నిండినట్టు, 12.2కి పడిపోతే బ్యాటరీ నిలుపుకోవట్లేదని. ఇంజిన్ ఆన్‌లో, లైట్లు, ఏసీ వేసి ఉండగా 13.5 పైన కనిపిస్తే డైనమో బాగున్నట్టే.

ఇంకొక్కటి చూడండి, దీన్ని ఎవరూ చూడరు. మీటరు ఒక వైరు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ లోహం మీద పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఆ క్షణంలో 0.2, 0.3 వోల్టుల లోపు ఉండాలి. 0.5 దాటితే బ్యాటరీ తప్పు కాదు, ఎర్త్ స్ట్రాప్ (బ్యాటరీ నెగటివ్‌ని బాడీకి, ఇంజిన్‌కి కలిపే తీగ) చిలుమెక్కింది, విప్పి బాడీ తగిలే చోట రంగు, తుప్పు పోయేదాకా ఎమ్రీ పేపర్‌తో రుద్ది బిగించండి. టెర్మినల్స్ మీద తెల్లటి పొడి ఉంటే వేడినీళ్లు, వంట సోడా పోసి కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాయండి.

ఆ మూడు రీడింగులు తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.