విడాకులు తేలేలోపు ఈ గొడవలను తట్టుకునేదెలా?

మా విడాకుల కేసు నడుస్తోంది. విడిగానే ఉంటున్నాం, కానీ పాప కోసం రోజూ మాట్లాడుకోక తప్పడం లేదు. "రేపు బడి నుంచి ఎవరు తీసుకురావాలి?" అని అడిగితే చాలు, ఆయన పెళ్లినాటి లెక్కలన్నీ తవ్వుతారు. అర్ధరాత్రి పేజీల కొద్దీ సందేశాలు. జవాబివ్వకపోతే పొగరంటారు, ఇస్తే ఇంకో పేజీ. రాసిన ప్రతి మాటా కోర్టు ముందుకు రావచ్చు, ఒళ్లు దగ్గర పెట్టుకోమని లాయరు గారు హెచ్చరించారు. నిజమే, కానీ కోపంలో వేళ్లు ఆగవు కదా!

ఇకపై పాప సంగతులకే, అదీ ఈమెయిల్‌లోనే జవాబిస్తానని చెప్పేయాలనుకుంటున్నాను. ఇలా చేసినవారున్నారా? అవతలివారు దారికొచ్చారా, మరింత రెచ్చిపోయారా? పాపను అప్పగించేటప్పుడు గుమ్మంలోనే మొదలయ్యే వాదనను ఎలా తుంచాలి? మధ్యవర్తి దగ్గర కూర్చోవడం ఇప్పుడు పనికొస్తుందా? "సర్దుకుపొండి" అని మాత్రం చెప్పకండి, ఆ దశ దాటిపోయింది.