ఎలిఫెంట్ వచ్చు, "ఫ్యాన్ వెయ్యి" రాదు

ప్రశ్న (హన్మకొండ నుంచి ఒక అమ్మ):
మా పాప ప్రభుత్వ బడిలో రెండో తరగతి. 2022లో ఇంగ్లీషు మీడియం మొదలైంది కదా, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఎలిఫెంట్, అంబ్రెల్లా స్పెల్లింగ్‌తో సహా గడగడా చెప్తుంది. మొన్న "ఫ్యాన్ వెయ్యమ్మా" అనే మాట ఇంగ్లీషులో చెప్పమంటే "పుట్ ద ఫ్యాన్" అంది. నేను చదివింది తెలుగు మీడియం, నాకూ వెంటనే తట్టలేదు. ట్యూషన్ పెట్టాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు (ప్రైమరీ టీచర్, వర్ధన్నపేట వైపు):
ట్యూషన్ వద్దమ్మా. పాప ఎక్కడ తడబడిందో చూడండి. మనకు "వెయ్యి" ఒక్కటే మాట. ఫ్యాన్ వేస్తాం, తలుపు వేస్తాం, చొక్కా వేసుకుంటాం, పప్పులో ఉప్పు వేస్తాం. ఇంగ్లీషులో నాలుగింటికీ నాలుగు: టర్న్ ఆన్, క్లోజ్, పుట్ ఆన్, యాడ్. బొమ్మల చార్టులో ఏనుగు ఉంటుంది గానీ ఈ తేడా ఉండదు. పని చేస్తూ అంటేనే పట్టుబడుతుంది.

మా క్లాసులో నేను "క్లోజ్ ద డోర్" అంటాను, ఒకరు లేచి తలుపు వేస్తారు. తర్వాత వాళ్లు చెప్తారు, నేను వేస్తాను. టీచర్‌తో పని చేయించడమంటే ఎంత హుషారో! ఏడాదంతా నోరు విప్పని పిల్ల కూడా ఆ ఒక్క మాట గట్టిగా అంటుంది.

మీరు వంట దగ్గర పాపను పక్కన నిలబెట్టుకోండి. వాష్, పీల్, పోర్, స్టిర్. రోజుకు రెండు మాటలు చాలు. స్పెల్లింగ్ మాత్రం అప్పుడే అడగొద్దు.

జవాబు (కాజీపేట, మూడో తరగతి బాబు నాన్న):
టీచర్ గారు చెప్పింది నిజం. ఇంకోటి, మనం కూరగాయలు తెచ్చే కవర్‌ను ఇంగ్లీషులో బ్యాగ్ అంటారు. ఇట్లాంటివి విడిగా చెప్పాలక్కా. మన పందికొక్కే ఇంగ్లీషులోకి వెళ్లి బాండికూట్ అయిందని చెప్పాక మావాడికి బెరుకు చాలా తగ్గింది.

మళ్లీ హన్మకొండ అమ్మ:
నిన్న రాత్రి ఉల్లిగడ్డ పొట్టు తీస్తూ పీల్, పీల్ అని ఇద్దరం కళ్లనీళ్లు పెట్టుకున్నాం. పడుకునేటప్పుడు దుప్పటి కప్పుతుంటే "ఇది పుట్ ఆనా?" అని తనే అడిగింది. కవర్ అన్నాను. "కూరగాయల కవరా?" అంది. టీచర్ గారూ, నేను చెప్పింది సరైనదేనా?

టీచర్:
సరైనదేనమ్మా. ఇవాళ బొమ్మకు దుప్పటి కప్పమనండి, "కవర్ ద డాల్" అంటూ.