లంగరు దీపం, పక్క దీపాలు ఒకే స్విచ్‌తో ఎలా?

కాకినాడ దగ్గర మాకు 22 అడుగుల ఫైబర్ పడవ ఉంది, ఔట్‌బోర్డ్ ఇంజినుతో నడుస్తుంది. 7 మీటర్ల లోపు పడవకు లంగరు దీపం (లంగరు వేసి ఆగినప్పుడు వెలిగించే తెల్ల దీపం) అన్నిచోట్లా తప్పనిసరి కాదు. కానీ మేము ఆగేది ఓడల దారి పక్కనే, అక్కడ ఆ మినహాయింపు చెల్లదు. 2 మైళ్ల దూరం కనిపించే, నలువైపులా వెలిగే 12 వోల్టుల తెల్ల ఎల్‌ఈడీ తెచ్చాను. నడుస్తున్నప్పుడు ఎరుపు, ఆకుపచ్చ పక్క దీపాలతో కలిసి, లంగరు వేశాక ఒంటరిగా అదే వెలగాలి. మూడు స్థానాల స్విచ్‌కు వైర్లు ఎలా కలపాలి? దుకాణదారు రెండు స్విచ్‌లు పెట్టమంటున్నారు. చీకట్లో, అలల్లో ఏది ఏదో వెతుక్కోవడం నాకిష్టం లేదు. బ్యాటరీ పాజిటివ్ దగ్గర ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు వేయాలి? గొట్టంలోంచి వచ్చే వైర్ల అతుకులకు ఉప్పునీరు పట్టకుండా మీరేం వాడుతున్నారు? మామూలు ఇన్సులేషన్ టేపు అని మాత్రం చెప్పకండి, అది ఇక్కడి గాలికి నిలవదు.