సమురాయ్ నడుముకు రెండు కత్తులు: పోరాటానికా, హోదాకా?

వానపిట్ట: సినిమాల్లో జపాన్ యోధులు సమురాయ్‌లు చేతికొక కత్తి పట్టుకుని తిప్పేస్తుంటారు. పొడవాటి కటానా, పొట్టి వాకిజాషి, రెండూ కలిపి దైషో. ఆ జత నిజంగా పోరాటానికేనా? మా తమ్ముడు ఉత్త హోదా గుర్తు అని కొట్టిపారేస్తున్నాడు.

ఒర_లేని_కత్తి: మీ తమ్ముడికి జపాన్‌లో పేరుమోసిన కత్తివీరుడు మియామోతో ముసాషి గురించి చెప్పండి. రెండు కత్తులతో పోరాడే నితెన్ ఇచి-ర్యూ పద్ధతి ఆయనదే. నడుముకు ఆయుధం ఉండి కూడా దూయకుండా చావడం తప్పని రాసిన మనిషి. హోదా కోసం మోసేవాడి మాటలా ఉందా ఇది?

పాతపటం: అంత గట్టిగా చెప్పాల్సి వచ్చిందంటేనే మిగతావాళ్లు దూయట్లేదని కదా గురూ! ఎక్కువ సంప్రదాయాల్లో నేర్పింది ఒక్క కటానాను రెండు చేతులా పట్టుకోవడమే. పైగా ఈ జత కట్టుదిట్టమైన ఆనవాయితీ అయింది షోగన్ల పాలన సాగిన ‘ఎదో’ (Edo) కాలంలో (1603–1868), అంటే పెద్ద యుద్ధాలు దాదాపు ఆగిపోయాక. వ్యాపారి కూడా ప్రయాణంలో వాకిజాషి పెట్టుకునేవాడు. రెండూ కలిపి ధరించే హక్కు మాత్రం సమురాయ్‌దే. కొలువుకు వెళ్లే జతకు నల్ల లక్క పూసిన ఒరలు. కటానా ఒర చివర బల్లపరుపుగా, పొట్టిదాని ఒర చివర గుండ్రంగా ఉండాలి. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఒర చివర గుండ్రంగా ఉందో లేదో ఎవడు చూస్తాడు? చాలా జతల్లో రెండు కత్తులూ ఒకే కమ్మరి చేసినవి కూడా కావు, పిడి, ఒర అలంకరణే మ్యాచింగ్.

వానపిట్ట: అయితే పొట్టిది దండగేనా?

తూర్పుగాలి: దండగ ఎందుకవుతుందండీ? ఇంట్లో పనికొచ్చేది అదే. ఒకరింటికి వెళ్తే కటానా నడుము నుంచి తీసేయాలి. కూర్చున్నాక పక్కన పెట్టుకున్నా కుడివైపే పెట్టాలి, చటుక్కున దూయడానికి వీల్లేకుండా. పొట్టిది మాత్రం నడుముకే. 1701లో ‘ఎదో’ నగరం (ఇప్పటి టోక్యో) కోట నడవాలో అసానో నాగనోరి అనే ప్రభువు, కిరా యోషినాకా అనే కొలువు అధికారి మీద పడింది పొట్టి కత్తితోనే.

ఒర_లేని_కత్తి: కిరా నుదుటి మీద, వీపు మీద గాయాలతో బతికిపోయాడు. అసానో అదే రోజు సెప్పుకు (పొట్ట చీల్చుకుని ప్రాణం తీసుకోవడం) చేసుకోవాల్సి వచ్చింది. మరి పొట్టి కత్తి చేసిన పనేంటట?

తూర్పుగాలి: నరకబోయాడు కాబట్టి. పొడిచి ఉంటే కథ వేరేగా ఉండేది. కత్తిని తప్పుబట్టి ఏం లాభం?

పాతపటం: సరే, ఇదొకటి చెప్పండి. 1876లో, షోగన్ల పాలన పోయాక వచ్చిన మెయిజీ ప్రభుత్వం కత్తులు ధరించడం నిషేధించినా, సైనికులకూ పోలీసులకూ మినహాయింపు ఇచ్చింది. ఆయుధం అంటే భయమే అయితే సమురాయ్ ఇళ్లలోని కత్తుల్ని కూడా లాక్కునేవాళ్లు కదా. 1588లో అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి రైతుల దగ్గర లాక్కున్నట్టు! ఇంట్లో ఉంచుకోండి, వీధిలో మాత్రం నడుముకు పెట్టుకోవద్దన్నారంటే వాళ్లు తీసేసింది దేన్ని?