సంక్షోభం వచ్చినప్పుడు విదేశంలో ఉన్న మన మిషనరీ: ముందుగా తగ్గించే ఖర్చా, చివరిదాకా నిలుపుకోవలసిన మాటా?

నల్లగొండ సంఘ కార్యదర్శి

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మా సంఘ కమిటీ వచ్చే ఏటి బడ్జెటుతో పాటు ఒక నియమాన్ని కూడా రాసి పెట్టుకోవాలనుకుంటోంది. దాని మీద మాలో మాకే ఏకాభిప్రాయం కుదరలేదు గనుక ఇక్కడ అడుగుతున్నాను. మా సంఘంలో పుట్టి పెరిగిన ఒక కుటుంబం తూర్పు ఆఫ్రికాలో ఒక పల్లె ప్రాంతాన సువార్త సేవ, బడి పని చూస్తోంది. వారి జీవనానికి మా వంతుగా నెలకు 20,000 రూపాయలు సమకూరుస్తున్నాం. 2020 మార్చి చివర లాక్‌డౌన్ మొదలై, జూన్ 8 తరువాత గానీ మందిరాలు తెరుచుకోవడానికి అనుమతి రాకపోవడంతో, ఆ రెండున్నర నెలలు కానుకల సంచి తిరగనే లేదు. అప్పుడు పాస్టరు గారి జీతం, కూలి పోయిన కుటుంబాలకు బియ్యం, మిషనరీ సహాయం ఈ మూడింటిలో దేన్ని ముందు నిలపాలో తేల్చలేక, నెలనెలా ఏదో సర్దుబాటు చేస్తూ వచ్చాం. మళ్ళీ యుద్ధమో, వ్యాధో, ధరల విపత్తో వస్తే అప్పటికప్పుడు కొట్లాడుకోకుండా ఇప్పుడే ఒక మాట అనుకోవాలన్నది మా ఉద్దేశం. మిషనరీ సహాయాన్ని మొదట తగ్గించాలా, చివరన తగ్గించాలా, అసలు తగ్గించకూడదా? దయచేసి కారణాలతో చెప్పండి.

గద్వాల రైతు

కార్యదర్శి గారూ, నా అభిప్రాయం నచ్చకపోవచ్చు గానీ దాచను. మొదట తగ్గించవలసింది అదే. తన ఇంటివారిని పోషించనివాడు విశ్వాసాన్ని విడిచినవాడని తిమోతికి పౌలు రాసిన మాట మన సంఘాలన్నింటిలో వినబడుతుంది. పాలమూరు జిల్లా సంఘాలంటే సగం వలస కూలీల సంఘాలే. లాక్‌డౌన్‌లో ముంబై నుంచి, పుణె నుంచి పిల్లల్ని ఎత్తుకుని నడిచి వచ్చినవాళ్ళు మన బెంచీల మీద కూర్చునేవాళ్ళే. వాళ్ళకు బియ్యం చాలకుండా ఉన్న నెలలో డాలర్లు కొని విదేశానికి పంపామని లెక్క చదివితే, ఆ సంఘంలో పెద్దగా కూర్చోవడానికి నాకు మొహం చెల్లదు. పైగా విదేశాల్లో ఉన్నవారికి పెద్ద సంస్థల అండ ఉంటుంది, మన పేదవానికి మనం తప్ప ఎవరూ లేరు.

దేవరకొండ పాస్టరు

అన్నా, మీ బాధ నిజమైనది. కానీ మన జిల్లాల చరిత్రనే ఒకసారి చూద్దాం. నల్లగొండలో సువార్త పని స్థిరపడింది 1890 ప్రాంతంలో అబ్రహాం ఫ్రీసెన్ దంపతుల రాకతో. వారు అమెరికా వారు కారు. నాటి రష్యా సామ్రాజ్యంలో, నేటి ఉక్రెయిన్ నేల మీద వ్యవసాయం చేసుకుని బతికిన మెన్నొనైట్ అనే ప్రొటెస్టెంటు శాఖ సంఘాలు పంపినవారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పనిచేసినా, వెనుక కానుకలు కూర్చి నిలిచింది ఆ రైతుల సంఘాలే. 1914లో యుద్ధం, 1917లో విప్లవం, ఆ తరువాత అంతర్యుద్ధం, 1921–22లో కరవు వరుసగా ఆ పల్లెలను దెబ్బతీశాయి. పంపినవారే ఆకలితో ఉన్నారు. వారికి అన్నం పెట్టడానికి అమెరికాలోని మెన్నొనైట్లు 1920లో ప్రత్యేకంగా సహాయ సంఘాన్ని ఏర్పరచుకోవలసి వచ్చింది. అప్పుడు ఇక్కడి పనిని అమెరికన్ బాప్టిస్టులు ఆదుకోకపోయి ఉంటే, ఈ రోజు మనం ఈ చర్చ చేసే స్థితిలో ఉండేవాళ్ళమో లేదో చెప్పలేం.

మిషనరీలను పంపడం తెల్లవారి పని, అందుకోవడం మన పని అనే తలంపు కూడా మన మధ్య ఇంకా పోలేదు. 1903లోనే తెలుగు బాప్టిస్టులు తమ సొంత కానుకలతో నెల్లూరు సీమ నుంచి జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపారు. అక్కడ చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా ఉన్న మన తెలుగువారి మధ్య ఆయన సంఘాలు కట్టారు. ఆయనను పంపినవారు ధనవంతులు కారు.

గద్వాల రైతు

పాస్టరయ్యా, మీరు చెప్పిన రష్యా సంగతి నా వాదననే బలపరుస్తోంది కదా. పంపిన సంఘం ఆకలిలో పడినప్పుడు పంపలేకపోయింది. ఎవరూ దాన్ని పాపమనలేదు. వేరొకరు అందుకున్నారు, పని నిలిచింది. మనం కూడా కష్టకాలంలో ఆగిపోతే దేవుడు మరొకరిని లేపుతాడని ఎందుకు నమ్మకూడదు?

దేవరకొండ పాస్టరు

నమ్మవచ్చు. అయితే ఆ మరొకరు అప్పటికప్పుడు ఆకాశం నుంచి దిగిరాలేదు. బాప్టిస్టు మిషన్‌తో ఆ బంధం మొదటి నుంచే ఉంది. ఒకరు పడిపోతే మరొకరు పట్టుకునే ఏర్పాటు ముందే ఉంది. మన సంఘాల్లో చాలావాటికి అలాంటి ఏర్పాటు లేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ, నార్వే, డెన్మార్కు వంటి దేశాల నుంచి సహాయం తెగిపోయినప్పుడు అంతర్జాతీయ మిషనరీ మండలి అనాథ మిషన్ల కోసం ఒక నిధిని నడిపింది. ఒకరికొకరు అపరిచితులైన సంఘాలు కూడా అందులో వేశాయి. దేవుడు లేపుతాడన్న విశ్వాసం మంచిదే గానీ, ఆ లేచేవారిలో మన పొరుగు సంఘం ఉండాలంటే ముందుగా వెళ్ళి మాట్లాడవలసింది మనమే. మరొక మాట. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయంలో కరవు రాబోతున్నది లోకమంతటికీ. అంతియొకయకు రాదని ఎవరూ అనలేదు. అయినా అక్కడి శిష్యులు ప్రతివాడు తన శక్తికొలది యూదయలోని సహోదరులకు పంపాలని తీర్మానించారు. శక్తికొలది అన్నదాన్ని గమనించండి, యథాతథంగా అని లేదు.

మిర్యాలగూడ కోశాధికారి

వాక్యం పాస్టర్లు చూసుకుంటారు గనుక నేను లెక్కకే పరిమితమవుతాను.

మొదటిది. 20,000 రూపాయలు మార్చకుండా పంపుతున్నాం గనుక తగ్గించలేదని అనుకోవడం పొరపాటు. 2020 జనవరిలో డాలరు 71 రూపాయల దగ్గర ఉంది. 2022 చివరికి 82 దాటింది. అంటే అవే 20,000 రూపాయలు మొదట దాదాపు 280 డాలర్లయితే, తరువాత 242 డాలర్లకు దిగాయి. మనం ఏ తీర్మానమూ చేయకుండానే వారి సహాయంలో ఏడవ వంతు కోత పడిందన్నమాట. అక్కడి స్థానిక ధరలు పెరిగితే అది వేరే కోత. కమిటీలో ఓటు వేయకుండా జరిగే కోత ఇది, అందుకే దీన్ని ఎవరూ చర్చించరు.

రెండవది చట్టం. రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపే వీలు వ్యక్తులకే ఉంది, సంఘానికో ట్రస్టుకో లేదు. ధార్మిక ట్రస్టు తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు చేస్తే, ప్రత్యక్ష పన్నుల బోర్డు ప్రత్యేక ఆమోదం లేకుండా దానికి పన్ను మినహాయింపు వర్తించదు. విదేశీ విరాళాల అనుమతి ఉన్న సంఘాలైతే మరింత జాగ్రత్తగా ఉండాలి. 2020 సెప్టెంబరు సవరణ తరువాత ఆ సొమ్మును ఇంకొక సంస్థకు బదిలీ చేయడమే నిషిద్ధం. ఎవరో పెద్దమనిషి ఖాతాలో సంఘం డబ్బు వేసి ఆయన పేరున బయటికి పంపే అలవాటు కొన్ని చోట్ల ఉంది. సంక్షోభ సమయంలో తొందరపాటున ఇదే ఎక్కువగా జరుగుతుంది. లెక్కల తనిఖీ వచ్చినప్పుడు సమాధానం చెప్పలేక ఆ పెద్దమనిషి, సంఘం ఇద్దరూ ఇరుక్కుంటారు.

అందువల్ల నా సూచన ఏమిటంటే, సంఘ నిధితో చేయగలిగినదంతా దేశం లోపలే చేయండి. మిషనరీ గారి తల్లిదండ్రులు ఎక్కడున్నారు? మన మండలాల్లోనే ఉంటారు. వారి మందులు, ఇంటి అద్దె, ఇక్కడ హాస్టల్లో చదివే పిల్లల ఫీజు, ఆరోగ్య బీమా ప్రీమియం, సెలవులో వచ్చినప్పుడు ఉండడానికి ఒక ఇల్లు, ఇవన్నీ రూపాయల్లోనే తీరే ఖర్చులు. వీటిని సంఘం మోస్తే, వారికి అక్కడ చేరే డబ్బు మొత్తం అక్కడి బతుకుకే మిగులుతుంది. బయటికి వెళ్ళవలసిన భాగాన్ని సరైన అనుమతులున్న పంపే సంస్థ ద్వారా గానీ, విశ్వాసులు ఎవరికి వారు తమ సొంత సంపాదన నుంచి, బ్యాంకు ద్వారా గానీ పంపుకోవచ్చు. ఒక్కసారి చార్టర్డ్ అకౌంటెంటును అడిగి నియమం రాయండి.

గద్వాల రైతు

కోశాధికారి గారు చెప్పింది నాకు కొంత నచ్చింది. మిషనరీ తల్లిదండ్రులు మన సంఘపు ముసలివాళ్ళే గనుక వాళ్ళను చూసుకోవడం ఇంటివారిని చూసుకోవడమే అవుతుంది. దానికి నాకు అభ్యంతరం లేదు.

జడ్చర్ల నర్సు

నేను మిషన్ ఆసుపత్రి ఊరి దాన్ని. ఎవరో దూరదేశపు సంఘాలు కూర్చిన డబ్బుతో కట్టిన వార్డుల్లోనే పని నేర్చుకున్నాను. మా చెల్లెలి కుటుంబం కొన్నేళ్ళు విదేశంలో సేవ చేసి వచ్చింది గనుక, డబ్బు గురించి కాక మిగతా సంగతులు చెప్పాలనిపించింది.

సంక్షోభం మొదలైన వారంలో, వాళ్ళను పంపిన సంఘాల నుంచి వచ్చిన సందేశాల్లో ఎక్కువ భాగం ఫొటోలు, రిపోర్టులు అడిగేవే. మీరు అక్కడ ఎంతమందికి బియ్యం పంచారో వీడియో పంపండి, ఆదివారం ఆన్‌లైన్ ఆరాధనలో చూపిస్తాం అని. ఆ సమయంలో మా మరిదిగారికి జ్వరం, పిల్లలకు బడి లేదు, కరెంటు వచ్చిపోతోంది. నాలుగు సంఘాలకు నాలుగు రకాలుగా జవాబు రాయడమే మా చెల్లెలికి ఒక పనైంది. ఎవరూ చెడు ఉద్దేశంతో అడగలేదు, అయినా అది భారమే. సంఘం తరఫున ఒక్క మనిషిని నియమించండి. మాట్లాడేది ఆ ఒక్కరే ఉండాలి. వీలైతే ఆ మనిషి కమిటీ సభ్యుడు కాకుండా ఉంటే మంచిది, ఎందుకంటే జీతం నిర్ణయించేవారి ముందు ఎవరూ తమ భయాన్ని, అలసటను, ఇంట్లో పెరిగిన చికాకును చెప్పుకోరు. మా చెల్లెలి విషయంలో ఆ పని స్త్రీల సమాజంలోని ఒక పెద్దమ్మ చేశారు. ఆమెకు రిపోర్టు అక్కరలేదు. ఏం వండుకున్నావే అని అడిగేవారు.

రెండవది తిరిగి రావడం. 2020 మే 7న, విదేశాల్లో చిక్కుకున్నవారిని తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైనప్పుడు టికెట్టు ఖర్చు ప్రయాణికులే పెట్టుకోవలసి వచ్చింది. మామూలు అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27 దాకా పునరుద్ధరణ కాలేదు. ఆ మధ్య కాలంలో ఒక కుటుంబాన్ని వెనక్కి తేవడానికి కావలసిన డబ్బు ఏ నెలసరి సహాయంలోనూ ఇమడదు. కాబట్టి రాకపోక నిధి అని వేరుగా ఒకటి, ముట్టుకోకుండా, మంచికాలంలోనే పోగు చేసి ఉంచాలి. అయితే రావాలా వద్దా అన్న నిర్ణయం కమిటీది కాకూడదు. ఇక్కడి నుంచి టీవీ చూసి వచ్చేయండి అని ఒత్తిడి చేయడమూ తప్పే, వస్తే సేవ మధ్యలో వదిలేసినట్టని నసగడమూ తప్పే. ఈ రెండోది మన మధ్య చాలా ఎక్కువ. మా చెల్లెలు వాళ్ళు వచ్చాక సంఘంలో కొందరు అడిగిన మొదటి ప్రశ్న, ఇక పోరా అన్నది. ఫిలిప్పీ సంఘం పంపిన ఎపఫ్రొదితు సేవలో చావుకు దగ్గరయ్యేంత జబ్బుపడితే, పౌలే అతనిని వెనక్కి పంపి, సంతోషంగా చేర్చుకోండి, ఘనపరచండి అని రాశాడు. ఆ భాగం మీద ప్రసంగం నేను ఎక్కువగా వినలేదు.

మూడవది, మిషనరీ సహాయం తగ్గితే మొదట దెబ్బ తినేది మిషనరీ కాదు. వారు నడిపే బడిలో వంట చేసే మనిషి, స్థానిక బోధకుడు, కావలిదారు. వారి జీతం ఆ డబ్బులోంచే వెళుతుంది. గద్వాల అన్న చెప్పిన పేదవాడు అక్కడా ఉన్నాడు, అతనికి ఏ పెద్ద సంస్థ అండా లేదు.

గద్వాల రైతు

అమ్మా, చివరి మాట నేను ఆలోచించని కోణం. కానీ అక్కడి వంటమనిషికి బాధ్యులు అక్కడి సంఘం కూడా అవుతారు కదా. ఎన్నేళ్ళని మనం మోయాలి? మన దగ్గర మిషనరీల మీద ఆధారపడి కాళ్ళు తిమ్మిరెక్కిన సంఘాలను చూశాం. సంక్షోభంలోనైనా అక్కడివారు తమవారిని తాము చూసుకోవడం నేర్చుకోవాలి.

జడ్చర్ల నర్సు

నేర్చుకోవాలి, ఒప్పుకుంటాను. కానీ నేర్పడానికి కరవు నెల సరైన కాలం కాదు. అది మామూలు రోజుల్లో, ముందు చెప్పి, ఏడాదికి కొంత చొప్పున తగ్గిస్తూ చేయవలసిన పని.

నల్లగొండ సంఘ కార్యదర్శి

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు విన్నాక కమిటీ ముందు పెట్టడానికి ఒక ముసాయిదా రాశాను. "సంక్షోభ కాలంలో సంఘ ఆదాయం పడిపోతే పాస్టరు జీతం, స్థానిక పేదల సహాయం, మిషనరీ సహాయం మూడూ ఒకే నిష్పత్తిలో తగ్గించబడును; ఏ ఒక్కటీ పూర్తిగా నిలిపివేయబడదు. తగ్గించే ముందు కనీసం మూడు నెలల వ్యవధి ఇచ్చి మిషనరీకి రాతపూర్వకంగా తెలియజేయవలెను. ఆ మూడు నెలల మొత్తం ఎల్లప్పుడూ నిల్వలో ఉంచవలెను. రాకపోక నిధి వేరుగా ఉండును, దానిని ఇతర అవసరాలకు వాడరాదు. మిషనరీ తల్లిదండ్రుల వైద్యం, పిల్లల చదువు సంఘ నిధి నుండి నేరుగా చెల్లించబడును. తిరిగి వచ్చు నిర్ణయము మిషనరీ కుటుంబమునదే." పక్క మండలాల్లోని రెండు సంఘాలతో పరస్పర హామీ గురించి కూడా మాట్లాడబోతున్నాం. ఒకరికి లోటు వస్తే మిగతా ఇద్దరు కొన్నాళ్ళు ఆ వంతు భరించే ఒప్పందం అది.

మిర్యాలగూడ కోశాధికారి

బాగుంది. ఒకే నిష్పత్తి అన్నచోట డాలరు విలువ కూడా లెక్కలోకి తీసుకోవాలని చేర్చండి. లేకపోతే మిషనరీకి రెండు కోతలు పడతాయి. మూడు నెలల నిల్వను చిట్టీల్లో గానీ, ఎవరికైనా అప్పుగా గానీ పెట్టకూడదని కూడా రాయండి. మన సంఘాల్లో నిల్వ డబ్బు ఎక్కడికి వెళుతుందో అందరికీ తెలిసిందే.

గద్వాల రైతు

నేను ఇప్పటికీ ఒకే నిష్పత్తిని ఒప్పుకోను. ఒక పూట తినేవాడికి కోసే పావలా, మూడు పూటలు తినేవాడికి కోసే పావలా ఒకటి కావు. స్థానిక పేదల సహాయాన్ని ఆ జాబితాలోంచి తీసేసి, మిగతా రెండింటినీ కలిపి తగ్గించండి, అప్పుడు మా సంఘంలో కూడా ఈ నియమాన్ని ప్రతిపాదిస్తాను.

దేవరకొండ పాస్టరు

నా జీతాన్ని మిషనరీ సహాయంతో పాటు కోయడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఈ మాట ఒక్కొక్క సంఘపు పాస్టరు గారిని అడిగాకే రాయండి; కొందరికి ఆ జీతం మీదే ఆరుగురు బతుకుతున్నారు.